ఎర్ర సైకిలు జవాబు

మొన్న మధ్యాహ్నం డ్యూటీ గదిలో భోజనం ముగించి క్యారేజీ గిన్నెలు కడుక్కుంటున్నాను. కొత్తగా చేరిన నర్సమ్మాయి కిటికీ వైపు తిరిగి, గోడకి పాఠం అప్పజెబుతున్నట్టు తనలో తను ఇంగ్లీషు మాట్లాడుకుంటోంది. "వెన్ ఐ వజ్ ఎ చైల్డ్, మై గ్రాండ్‌ఫాదర్ గేవ్ మీ ఎ రెడ్ బైసికిల్..." నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఆ ఎర్ర సైకిలు నాకు బాగా తెలుసు. ఆ తాతగారూ తెలుసు. ఎక్కడ కోచింగని అడిగితే, శ్రీకాకుళంలో బేకరీ మేడమీద అంది. అదే గది, అదే మాస్టారు. ఇన్నేళ్లలో ఆయన సైకిలు రంగైనా మార్చలేదు.

రాష్ట్రం విడిపోయిన ఏడాది నేనూ ఆ మేడమెట్లు ఎక్కాను. అప్పటికే ఈ ఆసుపత్రిలో నర్సుని, ముప్ఫై దగ్గర పడుతున్నాయి. విదేశాల్లో నర్సులు కావాలని, ఇంగ్లీషు పరీక్షలో వాళ్లడిగిన మార్కు వస్తే మిగతా పని తాము చూసుకుంటామని ఒక ఏజెన్సీవాళ్లు చెప్పారు. చదవడం, రాయడం, వినడం గురించి నాకు బెంగ లేదు. మాట్లాడే దగ్గరే నా నాలుక మొండికేసేది. సైకిళ్లు, చిన్నతనం అనే అంశం ఈ మధ్య తరచుగా వస్తోందని మాస్టారికి ఎవరో చెప్పారు. ఆయన ఒక జవాబు తయారుచేసి మా అందరికీ కంఠతా పట్టించారు. తాతగారు పుట్టినరోజుకి ఎర్ర సైకిలు కొనిపెడతారు, మనం తొక్కుతూ పడతాం, మోకాలు దోక్కుపోతుంది, తాతగారు కన్నీళ్లు తుడుస్తారు, జీవితంలో పడినా లేవాలని మనం నేర్చుకుంటాం. కింద బేకరీలోంచి వేడి బన్నుల వాసన పైకి తేలివస్తుంటే, ఆకలి మీదున్న మేమంతా వంతులవారీగా లేచి నిలబడి ఒకే సైకిలు మీంచి పడేవాళ్లం. శ్రీకాకుళం జిల్లాలో తాతలందరూ ఎర్ర సైకిళ్లే కొన్నారా అని పరీక్ష పెట్టేవాళ్లకి అనుమానం రాదా మాస్టారూ అని ఒకరోజు అడిగాను. "నిజం ఎవరడిగారమ్మా? ఆగకుండా మాట్లాడాలి, అంతే" అన్నారు.

ఆగకుండా మాట్లాడడమే నా వల్ల అయ్యేది కాదు. మా తాత నేను పుట్టకముందే పోయాడు. ఉన్నా కూడా ఎవరి పుట్టినరోజూ గుర్తుపెట్టుకునే మనిషి కాదని నాయనమ్మ చెప్పేది. తాతగారు కన్నీళ్లు తుడిచే చోటికి వచ్చేసరికి, చూడని ఆ మనిషి మొహం ఎలా ఉంటుందోనని ఆలోచనలో పడేదాన్ని. నోరు ఆగిపోయేది. మాస్టారు చేతిలో పెన్నుతో బల్ల మీద టకటక కొట్టేవారు. ఆ చప్పుడుకి వచ్చిన రెండు ముక్కలు కూడా పోయేవి.

ఇలా కాదని మా తమ్ముడిని పట్టుకున్నాను. నాకంటే రెండేళ్లు చిన్న, మా వైపు అలవాటుగా నన్ను అక్కా అనకుండా అప్పా అంటాడు. విశాఖపట్నంలో ఒక కంపెనీలో ఉద్యోగం, ఫోనులో దొరలతో గలగలా మాట్లాడతాడు. ఆదివారాలు మేమిద్దరం నరసన్నపేట దగ్గర మా ఊరికి చేరేవాళ్లం. చర్చి నుంచి వచ్చి, అమ్మ కోడికూర పొయ్యి మీద పెట్టాక, వీధి అరుగు మీద రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసుకుని కూర్చునేవాళ్లం. ఒక ఆదివారం వాడు కాలు మీద కాలేసుకుని, గొంతు మార్చి, నేను చిన్నప్పుడు సైకిలు తొక్కేదాన్నా అని ఇంగ్లీషులో అడిగాడు. కోచింగులో చెప్పినదంతా మరిచిపోయి, "నో" అన్నాను.

"నో అంటే అయిపోతాదేటప్పా? ఎస్ అను. అబద్ధం కాదు కదా, మనకి సైకిలున్నాది కదా!" అన్నాడు.

"నీకున్నాది. నాకు నేదు" అన్నాను.

వాడు నిజంగానే తెల్లబోయాడు. నాకు కోపం తెప్పించింది అదే. వేళాకోళం ఆడుతున్నాడేమో అని చూశాను. కాదు, వాడికి గుర్తులేదు. వాడు ఆరో తరగతిలోకి వచ్చినప్పుడు నాన్న నరసన్నపేటలో పాతది ఒకటి చూసి కొన్నారు. నల్లరంగు, సీటు చిరిగితే అమ్మ పాత రవికగుడ్డ కుట్టింది. అప్పటికి రెండేళ్లుగా నేను అదే హైస్కూలుకి పొలంగట్ల మీద నడిచి వెళ్తున్నాను. ఆ రోజు నుంచి కూడా నడిచే వెళ్లాను. వెనక నుంచి బెల్లు కొట్టుకుంటూ వాడు వచ్చేవాడు, మేం ఆడపిల్లలం గట్టు దిగి బురదలోకి జరిగి దారిచ్చేవాళ్లం. ఒక వానరోజు నన్ను వెనక ఎక్కించుకుని, దారిలో వాడి స్నేహితులు నవ్వారని మధ్యలోనే దింపేశాడు. శనివారం సాయంత్రం ఆ సైకిలు తుడిచి, గొలుసుకి కొబ్బరినూనె రాసే పని మాత్రం నాదే. కడ్డీ సందులోంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకుంటానని నాన్నని అడిగాను. ఒకసారి కాదు, వేసవి సెలవులన్నీ అడిగాను. "పడితే కాలో సెయ్యో ఇరుగుతాది. ఆడపిల్లవి, నీకెందుకే" అనేవారు.

ఇదంతా చెబితే తమ్ముడు, "అదేటప్పా, రోజూ నిన్ను వెనకాల ఎక్కించుకుని నేనే కదా తీసుకెల్లేవోణ్ని!" అన్నాడు. అబద్ధం చెప్పేవాడి మొహంలా లేదు. ఎంతో ప్రేమగా అన్నాడు. నేను గొంతు పెంచాను, వాడూ పెంచాడు. ఇంగ్లీషు ఎప్పుడో పోయింది. గరిటె పట్టుకుని అమ్మ బయటికొచ్చింది. సంగతి విని, "ఏటే ఈ గోల? సైకిలు మీ ఇద్దరికీ కలిపే కదేటే కొన్నాం" అంది.

ఇద్దరికీ కలిపి! నులకమంచం మీద పడుకున్న నాన్న అప్పటిదాకా కళ్లు మూసుకుని వింటున్నారు. తగవు తీర్చాలనుకున్నారో ఏమో, లేచి కూర్చుని మెత్తగా అన్నారు: "దాన్నొగ్గీరా. దానికి సైకిలంటే ఇష్టం నేదు. సిన్నప్పట్నుంచీ దానికి నడకంటేనే ఇష్టం."

ముగ్గురూ ఒప్పుకున్నట్టు తలలూపారు. అమ్మ కూర అడుగంటుతోందని లోపలికి పోయింది. నేను మాత్రం ఆ కుర్చీలో, నా చిన్నతనానికి సంబంధించి నేను తప్ప ఇంకో సాక్షి లేరని తెలిసి, కూర్చుని ఉన్నాను. ఏడుపు కాదు, ఒళ్లంతా మంట. అన్నం దగ్గర తమ్ముడు నాకు లివరు ముక్క వేయబోయాడు. తీసుకోలేదు.

పరీక్ష విశాఖపట్నంలో ఒక హోటల్లో జరిగింది. ఏసీ చలికి చేతులు కొంగులో దాచుకుని కూర్చున్నాను. జుట్టు నెరిసిన తెల్లావిడ, చాలా మర్యాదగా మాట్లాడింది. ఊరు, ఉద్యోగం అయ్యాక, చిన్నప్పుడు నాకు సైకిలు ఉండేదా అని అడిగింది. ఎర్ర సైకిలు నా గొంతులోకి వచ్చేసింది. తాతగారు కూడా వచ్చి నిలబడ్డారు. నోరు తెరిచాను. "నో. మై బ్రదర్ హాడ్ వన్" అనే మాటే బయటికొచ్చింది. ఆవిడ తల కొంచెం పక్కకి వంచి, "వై నాట్ యూ?" అంది.

అందులో తెలియని మాట ఒక్కటీ లేదు. కానీ ఆ ప్రశ్న నన్ను ఏ భాషలోనూ ఎవరూ అడిగి ఉండలేదు. గట్టు, బురద, బెల్లు, కొబ్బరినూనె జిడ్డు, నాన్న మాట, అమ్మ మాట అన్నీ ఒక్కసారి మీదికి వచ్చి పడ్డాయి. ఏది ముందు చెప్పాలో తెలియలేదు. నేను అలా చూస్తూ ఉండిపోయాను. ఆవిడ నొచ్చుకున్నట్టు నవ్వి, వర్షాకాలం గురించి అడిగింది. దానికేదో చెప్పాను. ఏం చెప్పానో నాకే తెలీదు.

మాట్లాడడంలో అర మార్కు తగ్గింది. ఫోనులో చెబితే తమ్ముడు, "ఎర్ర సైకిలు సెప్పీసుంటే అయిపోను కదప్పా!" అని విసుక్కున్నాడు. మాస్టారూ అదే అన్నారు. ఏజెన్సీవాళ్లు మార్కు వచ్చినవాళ్లని తీసుకుని వెళ్లిపోయారు. నేను అదే ఆసుపత్రిలో ఉండిపోయాను. ఇప్పుడు వార్డు మొత్తం నా చేతిలోనే ఉంది, స్కూటీ మీద డ్యూటీకి వెళ్తాను. కష్టపడుతున్నానని చెప్పను. కానీ ఆ అర మార్కు తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను.

అప్పట్లో ఫలితం వచ్చిన తర్వాతి ఆదివారం ఊరికి వెళ్లినప్పుడు, నాన్న ఒక్కరూ అరుగు మీద ఉన్న సమయం చూసి అడిగేశాను. "నాకెందుకు సైకిలు ఇవ్వనేదు నాన్నా?"

నాన్న చాలాసేపు ఆలోచించారు. తప్పించుకోవడానికి కాదు, నిజంగానే వెతుక్కున్నారు. చివరికి, "నువ్వడిగినట్టు నాకు గుర్తు నేదమ్మా" అన్నారు. ఆ కళ్లలో అబద్ధం లేదు. అడిగానని గట్టిగా చెబుదామనుకున్నాను. కానీ ఎవరితో చెప్పాలి? వద్దన్న ఆ మనిషి అక్కడ లేడు. వణికే చేతులతో చుట్ట వెలిగించుకోలేక అవస్థపడుతున్న ఒక ముసలాయన ఉన్నాడు. అగ్గిపెట్టె తీసుకుని నేనే వెలిగించాను. కోపం మాత్రం పోలేదు.

కాలం అన్నీ మరిపిస్తుందంటారు గానీ, అది ముందుగా కాదన్నవాళ్లకి మరుపునిస్తుంది. అడిగినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి దానికి ఎందుకో చాలా ఆలస్యమవుతుంది.