పుక్కిటి నీళ్లు

ఇరవై రెండేండ్లాయ ఈ మాట కడుపులో పెట్టుకుని. పెండ్లానికి చెప్పలేదు, దేవుని ముందర కూడా అనలేదు. నీకు రాస్తాండానంటే నిన్ను నమ్మి కాదప్పా. నేను ఎవుర్నీ నమ్మను, అది పుట్టుకతో వచ్చిన రోగం. నువ్వు మా ఊరోడివి కాదు, అంతే.

బద్వేలులో మస్తాన్ ఉస్తాదు గరిడీ ఉండేది. దండాలు, బస్కీలు, గుండు ఎత్తడం, అన్నీ నేర్పేవాడు. బలం చూసేదానికి గుండు చాలు. దమ్ము చూసేదానికి మాత్రం ఆయనకు వేరే పరీక్ష ఉండేది. పుక్కిట నిండా నీళ్లు పట్టుకుని కొండ మొదలు దాకా పరిగెత్తి తిరిగి రావాల. ముక్కుతోనే ఊపిరి. వచ్చినాక ఆ నీళ్లు ఖాళీ ముంతలో ఉమ్మాల. మింగినా, కారిపోయినా వానికి దమ్ము లేదని లెక్క.

ఆ ఏడు ఒక బడికి కసరత్తు నేర్పే అయ్యవారు కావాల్సొచ్చినాడు. ఎవుర్ని పంపేదీ ఉస్తాదు ఇష్టానికే వదిలేసినారు. గుండు ఎత్తడంలో అందర్నీ దాటి కడకు ఇద్దరం మిగిలినాం, ఇంక దమ్ము పరీక్షే తేల్చాల. నేనొకణ్ని, ఏసుదాసు ఒకడు. వాడు ఊరి బయట చర్చి కాడ ఉండే కూలోళ్ల కొడుకు. ఉస్తాదు కులం చూడడు. మేం చూస్తాం. కుస్తీలో వానితో ఎవురూ కలబడేది లేదు, గుండూ పరుగూ వరకే. ఆ పని దొరికితే వాళ్లమ్మకు ఎండలో కూలికి పోయేది తప్పుతాది. నాకేం తప్పుతాది? మా ఇంట్లో గింజలకు కొదవ లేదు. నలుగురూ అయ్యవారూ అని పిలవాలని ఆశ, అంతే.

వాడు తిరిగొచ్చిన ప్రతిసారీ పట్టుకున్న నీళ్లన్నీ ముంతలో పడతాండాయి. నాకేమో సగం నీళ్లు దార్లోనే గొంతు దిగిపోతాండాయి. ఎట్లా? ఇద్దరివీ మనుషుల ఊపిరితిత్తులే కదా? దారి నడుమ మా చిన్నాయన మోటబావి ఉండాది. మింగేసి, ఆడ మళ్లీ పుక్కిలి నింపుకుంటాండాడేమో అనుకున్నా. ఒకసారి ఆ పురుగు తొలిచిందంటే ఇంక చూసుకో, వాడు నవ్వినా దొంగ నవ్వే, తల వంచుకున్నా దొంగ చూపే. నిజంగానే అనుమానపడినానా, లేక వాడు దొంగయితే నాకు బాగుండునని అనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఉస్తాదును పక్కకు పిలిచి, నీళ్లల్లో ఉప్పు కలుపుదాం, చప్పగా తిరిగొస్తే అవి బావి నీళ్లే అని చెప్పినా. ఆయనకు నచ్చలేదు. రేపు ఎవురూ వేలెత్తి చూపకూడదని ఒప్పుకున్నాడు.

మరుసటి దినం సాయంత్రం ఏసుదాసు నీళ్లు నోట్లో పోసుకుని మొగం చిట్లించినాడు. ఏమీ అనలేడు కదా, పరిగెత్తినాడు. తిరిగొచ్చి ముంతలో ఉమ్మి, నీళ్లల్లో ఉప్పుండాది, కావాలంటే చూడండని తనే చెప్పినాడు. ఉప్పు నీళ్లు నోట్లో పోసుకున్న ఎవుడైనా ఆ మాట చెప్తాడు, దార్లో మింగలేదని దాంతో రుజువు కాదు. ఎవురో ఒకరు నాలుకన వేసి చూడాల. అది రంజాన్ నెల. ఉస్తాదు రోజా ఉపవాసంలో ఉండాడు, పొద్దింకా గుంకలేదు. ఆయన మా తట్టు చూసినాడు. ఎవురూ కదల్లేదు. ఎంగిలి, అందులోనూ వాని ఎంగిలి.

నేను ముందుకు పోయినా. అందరూ నోరు తెరిచినారు. ముంతలో నడిమి వేలు ముంచి, చూపుడు వేలు నాలుకన పెట్టుకున్నా. చిన్నపిల్లోళ్లు చేసే మోసం.

"ఉప్పగా ఉండాయా అప్పా?" అన్నాడు ఉస్తాదు.

"లేదు ఉస్తాద్. చప్పగా ఉండాయి."

ఏసుదాసు నన్నే చూస్తాండాడు. "రెడ్డీ, ఇంకొక్కసారి చూడు," అన్నాడు.

నేను మొగం తిప్పుకున్నా. కులం పక్కనబెట్టి ఎంగిలి నాకినోడు అబద్ధమెందుకు ఆడతాడని ఉస్తాదు అందరి ముందరా నా భుజం తట్టినాడు. వాని మాటకంటే నా వేలే పెద్ద సాక్ష్యమైపోయింది.

అందరూ పోయినారు. ముంత ఆడనే ఉండాది. ఒకవేళ చప్పగానే ఉంటే నేను అబద్ధమాడినట్టు కాదు కదా? అట్లా సర్ది చెప్పుకుని ఈసారి నిజంగానే ముంచిన వేలు నాకినా. ఉప్పు. శానా ఉప్పు. గబగబా పారబోసి, ముంత కడిగి బోర్లించినా. పొద్దున్నే పోయి చెప్పచ్చు. అయితే నిన్న నాకలేదని కూడా చెప్పాల. చెప్పలేదు. ఉస్తాదు రాయించిన జాబు తీసుకుని బడికి పోయినా.

ఏసుదాసు మంగంపేట గనుల్లో రాళ్లు కొట్టేదానికి పోయినాడు. వాళ్లమ్మ కూడా వెంట పోయి తట్టలు మోసిందంట. నేను ఈ పొద్దుకూ ఆ బళ్లోనే అయ్యవారిని. ఏ పిల్లోడు బాగా పరిగెత్తినా, వీడు యాడ మోసం చేసినాడా అని వెతుకుతాంటా.

అసలు సంగతి ఇంకోటుండాది, అది అందరికంటే నాకే బాగా తెలుసు. మా చిన్నాయన బావి గట్టు ఏసుదాసును ఎక్కనిస్తారా? వాళ్లోళ్లు వంకలో ఇసక తోడి చెలమ నీళ్లు తాగుతారు. వాడు ఆ బావి తాడు ముట్టుంటే కాళ్లు విరగ్గొట్టుంటారు. అనుమానం పుట్టక ముందే నాకిది తెలుసు. గరిడీలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఒక్కడూ అనలేదు. ఉస్తాదుకు తట్టలేదో, తట్టినా ఊరుకున్నాడో నాకు తెలీదు.

నువ్వు నన్ను ఏమనుకుంటావో అనుకో. ఏసుదాసు మోసం చెయ్యలేదు. ఆ పని వానిది. ఈ రెండు మాటలూ రాసినాక కొట్టెయ్యలేదు.