ఫ్లాపీ డ్రైవులో ఆయాసం

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లె నుంచి వరంగల్‌కు కాపురానికొచ్చింది రాజక్క. భర్త కొమురెల్లి పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేసి, ఆ దుమ్ముకే ఊపిరి చెడి చనిపోయాడు. తర్వాత ఆమె ఒక కాలేజీలో ఊడ్చే పనికి కుదిరింది. ఎనభై ఏడులో అక్కడి కంప్యూటర్ గది ఆమె వంతుకొచ్చింది. చెప్పులు బయట విడిచి, తడిగుడ్డతో నేల తుడవాలి. దుమ్ము లేవకూడదు.

ఒకనాడు మధ్యాహ్నం ఆపరేటర్ శారద మిషన్‌లోకి నల్లటి పలచని ఫ్లాపీ దూర్చి, టీ తాగడానికి వెళ్లింది. రాజక్క బల్ల కింద తుడుస్తోంది. ఫ్లాపీ డ్రైవు గర్... అని లాగింది. ఎక్కడో పట్టేసినట్టు ఆగింది. మళ్లీ లాగింది. టక్కుమని ఆ చప్పుడు తెగింది.

రాజక్క చేతిలోంచి గుడ్డ జారిపోయింది. అచ్చం కొమురెల్లి ఆయాసమే. ఆ చివరి రోజు విసుగొచ్చి, "జరసేపన్న సప్పుడు జెయ్యకుంట పండరాదు?" అని కసిరి నీళ్లకు పోయింది తను. బిందె దించేసరికి ఇంట్లో చప్పుడే లేదు.

శారద తిరిగొచ్చి, గోడకు ఆనుకుని మిషన్ వైపే చూస్తున్న ఆమెను చూసింది.

"ఏమైందక్కా?"

"గా మిషన్ల ఎవలో దమ్ము గుంజుతాండ్లు బిడ్డా."

శారద నవ్వబోయి ఆగింది. "మనిషి గాదక్కా. ఫ్లాపీ ఖరాబైంది. చదవరాక ఆన్నే మళ్ల మళ్ల తిరుగుతాంది" అంటూ దాన్ని బయటికి తీసి చెత్తబుట్టలో పడేసింది.

అయినా ఆ చప్పుడు రాజక్కను వదల్లేదు. బస్సులో వినబడేది, పొయ్యి ఊదుతుంటే వినబడేది. పెనిమిటి పిలుస్తున్నాడనుకుంది. ఒక పొద్దున సద్ది కడుతుంటే మరీ దగ్గర్లో వినబడింది. చెవులు మూసుకుంది. ఆగింది. చేతులు తీయగానే మళ్లీ మొదలైంది.

ఆమె వెనక్కి తిరిగింది. తండ్రి పనిచేసిన మిల్లులోనే పత్తి బోరాలు మోసే కొడుకు యాకయ్య, అరుగు మీద కూర్చుని రొప్పుతున్నాడు.

"ఎప్పటిసందిరా గిట్ల?"

"సర్ది జేసిందంతే అవ్వా. ఫికర్ జెయ్యకు."

"ఇగ మిల్లుకు పోవద్దు."

"పోకుంటే ఏం తింటం?"

రాజక్క గడపకు అడ్డంగా పడుకుంది. "పోతే నన్ను దాటుకుంట పో."

కన్నతల్లిని ఎలా దాటుతాడు? యాకయ్య అక్కడే కూలబడ్డాడు. ఆ పూటే రాజక్క అతన్ని దవాఖానకు తీసుకుపోయింది. మొదట్లోనే పట్టుకున్నారని, మిల్లు మానితే తగ్గుతుందని డాక్టర్ చెప్పాడు. స్టేషన్ ముందు అరటిపండ్ల బండి పెట్టుకున్నాక, ఎండాకాలం వచ్చేసరికి కుర్రాడి రొప్పు తగ్గింది.

రాజక్క మాత్రం డ్రైవు గరగరమన్నప్పుడల్లా పని ఆపి నిలబడిపోయేది.

"కొడుకు బాగైండు గద అక్కా, ఇంకేంది?" అని శారద ఒకసారి అడిగింది.

"గాయన దమ్ము ఇంక ఒడువలే బిడ్డా, గుంజుతనే ఉన్నడు" అంటూ రాజక్క గుడ్డ పిండుకుని పక్క గదిలోకి వెళ్లింది.