రిబ్బన్‌కు పైన ఆకులు

నిన్న పొద్దున మా తమ్ముడు నారాయణరావుపేట చేను నుంచి ఫోనులో ఒక ఫోటో పంపాడు. గట్టు పక్కనున్న మక్క ఆకు, అదే మొక్కజొన్న ఆకు, దాని మీద పొడుగ్గా సాగిన బూడిదరంగు మచ్చలు. సిద్దిపేటలో నా వంటింట్లో పాలు కాగుతున్నాయి, నా ముక్కుకు మాత్రం పసుపుపచ్చ మందు పొడి కంపే తగిలింది.

మా చిన్నప్పుడు వానాకాలమంటే ఆ వాసనే. ముసురు పట్టి, మక్క నా భుజాల ఎత్తుకు పెరిగి, ఆకుల అంచులు చేతులను కోస్తూ, గట్టు మీద మేం అవ్వ అని పిలిచే అమ్మ పెట్టిన బీరతీగ పూతకొచ్చే ఆ రోజుల్లో, కింది ఆకుల మీద తెగులు మచ్చలు మొదలయ్యేవి. బాపు డ్రమ్ములో పొడి కలిపి, వీపుకు చేతిపంపు తగిలించుకుని, మూతికి తువ్వాల చుట్టుకుని సాళ్లలో నడిచేవాడు. ఆ అంగీని అవ్వ మిగతా బట్టల్లో కలవనిచ్చేది కాదు. నాకేమో ఒకటే ఆరాటం: మచ్చ ఎలా పోతుంది, పలక తుడిచినట్టు ఒక్కసారే పోతుందా, అంచుల నుంచి కొంచెం కొంచెంగా తగ్గుతుందా?

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు, మందు కొట్టే ముందు రోజు, ఒక మొక్కను గుర్తు పెట్టుకోవడానికి బడి రిబ్బన్ సగం చింపి, మచ్చలున్న ఆకులన్నిటికీ పైన కాండానికి కట్టాను. అవ్వ తిట్టిన తిట్లు వేరే సంగతి.

ఆ ఏడు మచ్చలు ఎన్నడూ లేనంతగా వచ్చాయి, మందు కొట్టి రెండు వారాలైనా ఒక్కటీ పోలేదు. మందు పని చేయలేదని, చేను కోసి బర్లకు మేతగా వేస్తానని బాపు అవ్వతో అన్నాడు. ఏడాది కష్టం పోయిందని వాళ్ల దిగులు, బతుకమ్మకు మక్క గారెలుండవని నా ఏడుపు. తెల్లారి బాపు కొడవలి పట్టుకుని బయల్దేరితే రిబ్బన్ విప్పుకుందామని వెంటపడ్డాను. ముడి మీద చెయ్యి వేసి ఆగిపోయాను. కింద ఆకులన్నీ మచ్చలే. పైన కొత్తగా వచ్చిన నాలుగు ఆకుల మీద ఒక్కటీ లేదు.

"బాపూ, గీడ సూడు. రిబ్బన్ మీది ఆకులకు రాలే."

బాపు వంగి ఒక్కో ఆకూ తిప్పి చూశాడు. పక్క మొక్క, ఆ పక్క సాలు, చూస్తూ చేనంతా తిరిగి చాలాసేపటికి వచ్చాడు.

"అచ్చిన మచ్చ పోదు బిడ్డా, కొత్తది రాకుంట ఆపుతదంతే. ఇంత వయసచ్చినా నాకు తెల్వలే."

కొడవలిని ఇంటికి నేనే మోసుకొచ్చాను, ఎంత గర్వమో. ఆ బతుకమ్మకు గారెలు కడుపునిండా తిన్నాం.

ఇప్పుడు బాపు లేడు. చేతిపంపు పాత ఇనుపసామానులో పోయింది. తమ్ముడు మందు కొట్టే డ్రోను కిరాయికి తెప్పించి గట్టు మీదే నిలబడతాడు, సాళ్లలోకి ఎవరూ దిగరు. నేను ఫోన్ చేస్తే, మందు కొట్టి రెండు వారాలైనా మచ్చలు అట్లాగే ఉన్నాయని, మందు నకిలీదని, రేపే చేను దున్నేస్తానని ఒకటే కోపం.

"తమ్మీ, మీది ఆకులు సూసినవా?" అన్నాను.

తమ్ముడు ఫోను పట్టుకునే సాళ్లలోకి దిగాడు. కాసేపటికి ఫోనులో మక్క ఆకులు అంగీకి రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. బాపు పోయాక ఆ చప్పుడు వినడం నాకదే మొదలు.