కట్టయ్య ఎక్కని సైకిలు

కట్టయ్యకు సైకిలు తొక్కడం రాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. ఎందుకంటే వరంగల్ బీటుబజారులో ఎనిమిదేళ్లపాటు ఈ సంగతి అతనికీ, అతని భార్య పూలమ్మకీ తప్ప మూడో మనిషికి తెలియదు. కళ్లెదుట కనబడుతూనే ఉండేది, అయినా తెలియదు. లోకం ఒకసారి ఒక మాట అనుకున్నదంటే బ్రహ్మదేవుడు దిగివచ్చినా మార్చుకోదు కదా.

మొదట అతను హమాలీ. తలమీద మూటలు మోసి మోసి మెడ పట్టేస్తే, ఎవరో వాడి వదిలేసిన సైకిలొకటి కొన్నాడు. తొక్కడానికి కాదు, మెడకు బదులు అది మోస్తుందని. వెనక క్యారియర్ మీద ఒక బస్తా, నడుమ కడ్డీ మీద ఇంకో బస్తా, హ్యాండిలుకు నాలుగు సంచులు, పక్కన కట్టయ్య. హన్మకొండ ఇళ్లదాకా అలా నడిపించుకుంటూ పోయి సరుకులు దించి వచ్చేవాడు. ఎక్కాలని రెండుసార్లు చూశాడు. మొదటిసారి ముందు పన్ను ఊడింది. రెండోసారి దాని పక్క పన్ను ఊడింది. ఈ లెక్కన సైకిలు వచ్చేసరికి నోరు బోసిపోతుందని మానుకున్నాడు.

డెబ్బై రెండులో మేడారం జాతర వచ్చింది. సమ్మక్కకు మొక్కుకున్నవాళ్లు నిలువెత్తు బంగారం ఇస్తారు. అక్కడ బంగారమంటే బెల్లం. ఆ బెల్లాన్ని ఇళ్లకు చేరవేసే పని వీరభద్రం సేటు కట్టయ్యకు అప్పజెప్పాడు. సేటుది పెద్ద బెల్లం దుకాణం. ప్రశ్న తానే అడిగి జవాబూ తానే చెప్పుకునే మనిషి. సైకిలు ఉండగా నడుస్తావేమిరా అని అడిగాడు. కట్టయ్య నోరు తెరిచేలోగానే, నిజమే, అమ్మవారి బంగారం పెట్టుకుని పైనెట్లా కూర్చుంటావు, అడిగిన నాదే బుద్ధి తక్కువ అని లెంపలేసుకున్నాడు. సాయంత్రానికల్లా కట్టయ్య భక్తి బజారంతా పాకింది.

జాతర అయిపోయింది, తల్లులు వనానికి వెళ్లిపోయారు. కట్టయ్య మాత్రం ఉల్లిగడ్డల బస్తాతోనూ నడుస్తూనే ఉన్నాడు. ఉల్లిగడ్డలకు భక్తి ఏమిటయ్యా అని ఒక్కడైనా అడగాలా వద్దా? అడగలేదు. మనిషి తినేది ఏదైనా ఆయనకు ప్రసాదమే అన్నారు. గ్యాసునూనె డబ్బాతో నడిస్తే, దీపం వెలిగించేది కదా అన్నారు. ఒకరోజు ఒట్టి సైకిలుతో నడుస్తూ దొరికిపోయాడు. అలసిన ఎద్దు మీద ఎవరైనా ఎక్కుతారా అని ఒకరినొకరు మందలించుకున్నారు. తొక్కని సైకిలుకు చైను దండగ బరువని దాన్ని విప్పి ఇంట్లో పడేస్తే, ఎక్కాలన్న ఆశ కూడా మిగుల్చుకోలేదని వీరభద్రం సేటు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అప్పటినుంచి కొత్త సైకిలు కొన్న ప్రతివాడూ దానికి పసుపు కుంకుమ పెట్టి, కట్టయ్య చేత నాలుగడుగులు నడిపించి, ఆ తర్వాతే ఎక్కేవాడు.

దీనికి కట్టయ్య మురిసిపోయాడనుకుంటే పొరపాటు. బిక్కుబిక్కుమంటూ బతికాడు. నిజం బయటపడితే బజారంతా విరగబడి నవ్వుతుంది, దొంగభక్తుడంటుంది, మళ్లీ ఆ దుకాణాల ముందు తలెత్తుకుని తిరగలేడు. చెప్పేసి చేతులు దులుపుకోరాదా అని పూలమ్మ పోరుతూనే ఉండేది. నవ్వితే నవ్వనీ, వాళ్లు నవ్వితే నీకున్న పళ్లు రాలవు కదా అనేది. అతనికి ధైర్యం చాలేది కాదు.

ఇంతలో ఎనభయ్యో సంవత్సరం వచ్చింది, పెట్రోలు ధర మండిపోయింది. రాజేశ్వర్ రావు అనే రిటైరైన ఆఫీసరు పెట్రోలు పొదుపు సంఘం పెట్టాడు. బీటుబజారు నుంచి హన్మకొండ చౌరస్తా దాకా సైకిళ్ల ఊరేగింపు తీయాలని, అందరికంటే ముందు కట్టయ్య సాగాలని తీర్మానించాడు. ఊరి మేలు కోరి కట్టయ్య గారు తమ నియమం సడలించి సైకిలెక్కబోతున్నారు, తరలిరండి అని కరపత్రాలు పంచిపెట్టారు. కట్టయ్య గారిని ఒక్కమాట అడిగిన పాపాన పోలేదు.

వారం గడువుంది. కట్టయ్య ఇంట్లో పడున్న చైను తీసుకుని సైకిల్ షాపు పాండురంగం దగ్గరికి పరుగెత్తాడు. పాండురంగం దాన్ని కళ్లకద్దుకుని, ఊరేగింపు రోజే ముహూర్తం చూసి ఎక్కిస్తానని దేవుడి పటం పక్కన తగిలించి దండ వేశాడు. ఇక చేసేదేముంది, చైను లేకున్నా దిగుడు బాట చాలనుకుని కట్టయ్య తెల్లవారుతూనే ఊరి పాత మట్టికోట కట్ట ఎక్కి, సైకిలు మీద కూర్చుని కిందికి వదిలాడు. సైకిలొక దిక్కు పోయింది, తానొక దిక్కు పోయి, కోట నడుమ ఉన్న రాతి తోరణం దిక్కుకు తలపెట్టి బోర్లా పడ్డాడు. అటుగా గొర్లు తోలుకుపోతున్న ముసలాయన అది సాష్టాంగ నమస్కారమనుకుని తానూ బోర్లా పడ్డాడు. ఎవరు ముందు లేవాలో తెలియక ఇద్దరూ చాలాసేపు అలాగే ఉండిపోయారు. మర్నాడు బజారులో, కట్టయ్య కోటలో తపస్సు చేస్తున్నాడట అని చెప్పుకున్నారు.

ఈ గొడవల్లోనూ కట్టయ్య మానని పని ఒకటుంది. పెద్ద దవాఖానలో సోమక్క అని ఒక ముసలామె తుంటి విరిగి రెండు నెలలుగా పడి ఉంది. నర్సంపేట దిక్కు పల్లె, నా అన్నవాళ్లు లేరు. వెనకట మెడ పట్టేసినప్పుడు కట్టయ్య కూడా అక్కడే పడుకున్నాడు. పక్క మంచం వాళ్లు తమ గంజిలో సగం పోసి అతన్ని నిలబెట్టారు. వాళ్లెవరో, ఏ ఊరో ఇప్పుడు తెలియదు. అందుకని రోజూ పూలమ్మ గంజి కాస్తే, అతను డబ్బాను సైకిలుకు తగిలించి తీసుకుపోయి, వార్డు కిటికీ కింద ఆపి, పదకొండింటికల్లా సోమక్కకు పోసి వచ్చేవాడు. పైసా ముట్టేవాడు కాదు.

ఊరేగింపు రోజు రెండు వందల సైకిళ్లు వచ్చాయి. పెట్రోలు పొదుపు చేయండని మైకులో అరవడానికి ఒక జీపు కూడా వచ్చింది. పాండురంగం కొబ్బరికాయ కొట్టి చైను ఎక్కించాడు. రాజేశ్వర్ రావు జీపులోంచి జెండా ఊపాడు. కట్టయ్య సీటు వైపు చూశాడు, ఊడిన పళ్ల సందును నాలుకతో తడుముకున్నాడు, సైకిలు పట్టుకుని నడక మొదలుపెట్టాడు.

జనం ముఖాలు చూసుకున్నారు. మళ్లీ వీరభద్రం సేటే అందుకున్నాడు. హ్యాండిలుకు డబ్బా చూశారా, దవాఖానలో ముసలామె గంజి అది, అది ఉండగా ఎక్కుతాడా అంటూ తన సైకిలు దిగాడు. దాంతో రెండు వందల మందీ దిగారు. సైకిళ్లన్నీ నడిపించుకుంటూ రోడ్డు పొడుగునా సాగారు. ముందున్న జీపు నడక వేగానికి దిగి, మొదటి గేరులో ఏడ్చుకుంటూ, ములుగు పోయి వచ్చేంత పెట్రోలు తాగి, పోచమ్మమైదాను దగ్గర పొగ కక్కి ఆగిపోయింది. సంఘం సభ్యులు దిగి నెట్టారు. ఆనాటి పెట్రోలు పొదుపు అక్కడినుంచే మొదలైంది.

దవాఖాన మలుపు దగ్గరికి వచ్చేసరికి పదకొండు కావస్తోంది. ఊరేగింపు నేరుగా పోవాలి. ముసలామెకు ఆకలవుతుందని కట్టయ్య సైకిలు పక్కకు తిప్పాడు. వెనక రెండు వందల సైకిళ్లూ తిరిగాయి, నెట్టించుకుంటూ జీపూ తిరిగింది. కిటికీలోంచి ఆ జనాన్ని చూసి సోమక్క, నేను సచ్చిపోయిన్నా ఏంది అని పక్క మంచం మల్లక్కను అడిగింది.

రాజేశ్వర్ రావు వార్డు గడపలో నిలబడి, ఇంత పుణ్యాత్ముడు ఎనిమిదేళ్లుగా సైకిలెందుకు ఎక్కలేదో ఆయన నోటనే విందామన్నాడు. కట్టయ్యకు ఇక మోయడం చేతకాలేదు.

"నాకు సైకిల్ తొక్కుడు రాదు సార్. ఎన్నడు రాలె."

రాజేశ్వర్ రావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంత చేసి కూడా నాకేమీ రాదంటున్నాడు, వినయమంటే ఇదీ అన్నాడు. చప్పట్లు మోగాయి. కట్టయ్య రోషంతో వీరభద్రం సేటు ముందు నోరు తెరిచి, ఊడిన పళ్లు చూడమన్నాడు. సేటు వంగి చూసి, ఎంత కఠోర సాధన అని దండం పెట్టాడు. అందరూ ఒకరి తర్వాత ఒకరు ఆ సైకిలును తాకి కళ్లకద్దుకుని, జీపును నెట్టుకుంటూ హన్మకొండ వైపు వెళ్లిపోయారు.

నవ్వుతారని ఎనిమిదేళ్లు భయపడ్డాడు. ఒక్కడూ నవ్వలేదు, ఒక్కడూ వినలేదు. దీనికంటే నవ్వినా బాగుండేదనిపించింది కట్టయ్యకు. డబ్బా మూత తీసి గ్లాసులో గంజి పోశాడు. సోమక్క గ్లాసు అందుకోకుండా అతన్నే చూస్తోంది.

"నిజంగ రాదా?"

"రాదవ్వా."

"అయితే ఇన్ని దినాలు బజార్ల నుంచి నడిచే అచ్చినవా?"

కట్టయ్య తలూపాడు.

"గంజి సల్లగుంటాందని రోజు నిన్ను మనసుల తిట్టుకున్న కొడుకా. సైకిల్ మీద అచ్చేటోడు యాడనో ముచ్చట్లు పెట్టుకుంట కూసుంటాండనుకున్న. నడిచి తెస్తానవని నాకెరుక లేకపాయె."

కదలొద్దని డాక్టరు చెప్పిన తుంటిని పంటి బిగువున పక్కకు జరుపుకుని, ఆమె మంచం మీద జానెడు చోటు చేసింది.

"కాళ్లు గుంజుతయి బిడ్డా. జర కూసో."

కట్టయ్య కూర్చున్నాడు. ఆమె చల్లటి గంజి తాగుతున్నంతసేపూ తల దించుకుని ఏడ్చాడు.