తెల్లబడిన తొట్టి

పదకొండేళ్లు ఒకే తొట్టి దగ్గర నిలబడి పనిచేసిన మనిషిని, కాగితం మీద 'తీవ్ర నిర్లక్ష్యం' అని రాసి బయటికి పంపించారు. ఇది అన్యాయం.

ఆ మనిషిని ఫ్యాక్టరీలో అందరూ తొట్టి అక్క అంటారు. నీటిని వడగట్టే మట్టి క్యాండిళ్లను వెండి ద్రావణంలో ముంచి, పావుగంట ఆగి, తీసి ఆరబెట్టడం ఆమె పని. అలా ముంచిన వాటిని 'నానో వెండి' అని అచ్చువేసిన పెట్టెల్లో అమ్ముతారు. ఆ ద్రావణం ఎప్పుడూ పలుచని తేనె రంగులో ఉండేది.

నాలుగు నెలల కిందట కొత్త డ్రమ్ములు దిగాయి. వాటి మీది చీటీలు ముందే చింపేసి ఉన్నాయి. మూత తీస్తే లోపల ఉన్నది అచ్చం మంచినీళ్లలా ఉంది.

"ఇదేమిటి సార్, రంగే లేదు?" అని సూపర్‌వైజర్‌ను అడిగింది.

"కొత్త సరుకమ్మా. ఇంకా సన్నం. కంటికి ఆనదు."

"కంటికి ఆనకపోతే మానె, చేతికెందుకు అంటుతోంది?" అంటూ వేళ్లు చాపింది. చేతితొడుగు చిరిగినచోటల్లా చర్మం నల్లబడిపోయింది.

"కాటుక ఖర్చు కలిసొచ్చిందనుకో!" అన్నాడతను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ, అనుమానం మాత్రం ముల్లులా లోపలే ఉండిపోయింది. ద్రావణాన్ని పరీక్షించి రాసే, తొట్టి పక్కన వేలాడే రిజిస్టరు అతని సొరుగులోకి చేరి తాళం పడింది. ఆమె డ్రమ్ముల వైపు నడిస్తే చాలు, అతనికి ఏదో ఒక పని గుర్తొచ్చేది.

ఫ్యాక్టరీ కుళాయిలోకి ఉప్పటి బోరునీళ్లు వదిలిన మొదటి ఉదయం, ఎప్పటిలాగే, కొలత జగ్గును కుళాయి కింద కడిగి తొట్టిలో ముంచింది. చూస్తుండగానే తొట్టి పాలు ఒలికినట్టు తెల్లబడింది. సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు.

"కుళాయి నీళ్లు తగిలించావా?"

"జగ్గు కడిగాను. మొదటి రోజు నుంచీ కడుగుతున్నట్టే."

మర్నాడు చేతికి కాగితం వచ్చింది: 'కుళాయి నీటితో కడిగిన జగ్గును ముంచినందువల్ల ద్రావణం తెల్లబడి చెడిపోయినది.' ఆ కాగితం చూసి మరో రెండు ఫ్యాక్టరీలు ఆమెను గేటు దగ్గరే తిప్పి పంపాయి. "ఏదో పొరపాటు చేసే ఉంటావులే" అన్నాడు భర్త. చివరికి ఆమెకే తన మీద అనుమానం మొదలైంది.

కాగితం పట్టుకుని, రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మేనమామ ఇంటికి వెళ్లింది. ఆయన రెండుసార్లు చదివి పకపకా నవ్వాడు.

"నవ్వుతావేం మావయ్యా? నా బతుకు బజారున పడితే!"

"నీ బతుకు కాదే, వాళ్ల గుట్టు పడింది. కూర్చో. వెండి పరమాణువు నడుమ కేంద్రకం, అందులో నలభై ఏడు ప్రోటాన్లు. చుట్టూ నలభై ఏడు ఎలక్ట్రాన్లు. ధనావేశం, రుణావేశం సరిసమానం. పై ఎలక్ట్రాన్ ఒక్కటి ఊడిందా, అది అయాన్. నీళ్లలో ఒంటరిగా తిరుగుతుంది, రంగుండదు. కుళాయి నీళ్లలో రుణావేశమున్న క్లోరైడ్ అయాన్లుంటాయి, ఉప్పటి నీళ్లయితే మరీ ఎక్కువ. రెండూ ఎదురుపడితే ఒకదాన్నొకటి వదలవు. తెల్లగా పేరుకుంటాయి."

"మరి నానో?"

"వేల పరమాణువులు కలిసి కూర్చున్న ముద్ద నానోకణం. ముద్దంటే, వెంట్రుక మందంలో వేల వంతుల్లో ఒక వంతు. దాని మీద వెలుగు పడితే నీళ్లు పసుపుగా కనిపిస్తాయి. జగ్గుకంటిన నాలుగు చుక్కలకు అది పాలలా తెల్లబడదు."

ఆమె తన నల్లబడిన వేళ్లను చూసుకుంది.

"అంటే ఆ డ్రమ్ములు దిగినప్పటి నుంచీ నేను క్యాండిళ్లను ముంచినది..."

"వెండి లవణం, అంటే ఆ అయాన్లే. చర్మాన్ని నల్లబరిచేది అదే, నీ వేళ్లు చెబుతూనే ఉన్నాయి. ఆ లవణమైతే జగ్గును శుద్ధజలంతోనే కడగాలి. ఆ మాట నీకెవరైనా చెప్పారా?"

"చెబితే సరుకు మారిందని ఒప్పుకున్నట్టేగా!" అంది ఆమె, మొదటిసారి గొంతు పెంచి.

మర్నాడే ఫ్యాక్టరీకి వెళ్లి, ఆ డ్రమ్ములూ రిజిస్టరూ చూపించమని అడిగింది. డ్రమ్ములు తిరిగి వెళ్లిపోయాయనీ, రిజిస్టరు దొరకడం లేదనీ రాతపూర్వకంగా జవాబు వచ్చింది. ఆ జవాబు తేదీతో సహా భద్రంగా ఉంది.

కనుక ఆ కాగితం మీద సంతకం చేసిన అయ్యలారా, తొట్టిలో ఉన్నది నానోకణాలే అయితే అది ఎందుకు తెల్లబడిందో రాసి ఇవ్వండి. కాకపోతే, సరుకు మార్చి చెప్పని నిర్లక్ష్యం మీదేనని రాసి, ఆమె పేరు మీది ఆ మాటను కొట్టివేయండి. నోటిమాట చాలదు, సంతకం కావాలి.