వేలు దించేదాకా

మగ్గాల మిల్లులో ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. నాడె మామ అంటే మాత్రం గేటు దగ్గర కాపలా మనిషి నుంచి మేనేజరు దాకా అందరికీ తెలుసు. పడుగు దారాల మధ్య నాడె అటూ ఇటూ ఎలా పరిగెత్తుతుందో, ఆయనా షెడ్డులో ఈ కొస నుంచి ఆ కొసకు అలాగే తిరిగేవాడు. అందుకే ఆ పేరు పడింది.

ఆయన ఘనత చెప్పాలంటే ముందు మిల్లు సంగతులే చెప్పాలి. ఆగిపోయిన మగ్గం మీద అరచెయ్యి ఆనించి, మళ్ళీ నడిపించి చూసి, ఏ బోల్టు వదులైందో చెప్పేసేవాడు. ఉత్తమ ఫిట్టరు పతకం ఏటేటా ఆయనకే వస్తోందని మిగతా ఫిట్టర్లు అలిగిన రోజులున్నాయి. షెడ్డులోకి వరద నీళ్ళొచ్చిన ఏడాది మోటార్లన్నీ విప్పి, ఆరబెట్టి, మళ్ళీ బిగించి, మేనేజరు చేత భుజం తట్టించుకున్నాడు. మిల్లు వార్షికోత్సవంలో రాజు వేషం కట్టి, కిరీటం జారిపోతున్నా డైలాగు తప్పలేదు. పల్లెటూరి బడిలో చదివిన చదువు మీద పోలిష్ అక్షరాలు కూడబలుక్కుని చదవడం, రష్యన్ అక్షరాలు చూసి రాయడం నేర్చుకున్నాడు. ఇవన్నీ ఒక ఎత్తు. రిటైరయ్యాక చేసిన పని ఒక్కటీ ఒక ఎత్తు.

ముందుగదిలో కిటికీ పక్కన ఒక బల్ల ఉంది. దాని మీద పాత రికార్డు ప్లేయరు, పక్కన బావమరిది వాడి వదిలేసిన కంప్యూటరు, రెంటికీ మధ్య ఒక వైరు. ఆయన స్టూడియో అంతే. ఆ వైరు గుండా పోలెండు, రష్యా దేశాల పాతకాలపు సంగీతం ఇంటర్నెట్టులోకి వెళుతుంది. లోకమంతా తెలిసిన మహానుభావుల సంగీతం జోలికి ఆయన పోడు. వాళ్ళకు చెప్పుకునేవాళ్ళు చాలామంది ఉన్నారంటాడు. వాళ్ళ వెనక నిలబడి, సొంత దేశంలోనే పేరు మరుగున పడినవాళ్ళు ఆయన మనుషులు.

ఆ మనుషులు ఆయన ఇంటికి ఎలా చేరారంటే, పూర్వం మిల్లుకు కొత్త మగ్గాలు పోలెండు నుంచి వచ్చాయి. వాటిని బిగించడానికి ఒక ఇంజనీరు కూడా వచ్చాడు. ఎంత పొడుగంటే, గుమ్మం దాటేటప్పుడల్లా నుదురు కొట్టుకునేవాడు. సెలవు రోజుల్లో క్వార్టర్సులో రికార్డులు పెట్టుకునేవాడు. నాడె మామ మొదటిసారి మర్యాదకు కూర్చున్నాడు. తర్వాత కాఫీ కోసం కూర్చున్నాడు. ఆపైన పిలవకుండానే వెళ్ళడం మొదలుపెట్టాడు. షెడ్డులో రోజంతా చెవులు పగిలే మోత విన్న మనిషికి, ఒక్క వయొలిన్ ఒంటరిగా పలకడం ఎండలో నడిచొచ్చినవాడికి చల్లని నీళ్ళిచ్చినట్టుండేది.

పని ముగిసి వెళ్ళేటప్పుడు ఇంజనీరు రికార్డుల పెట్టె తెచ్చి ఈయన చేతిలో పెట్టాడు. సగం పోలెండువి, సగం రష్యావి. ఆ రెండు దేశాలకూ ఎప్పుడూ పడదంటారు గానీ, ఆ పెట్టెలో మాత్రం చక్కగా సర్దుకుని కూర్చున్నాయి.

"విమానంలో బరువు. నీ దగ్గరే ఉండనీ. వినేవాళ్ళు దొరికితే వినిపించు" అన్నాడు ఇంజనీరు, వచ్చీరాని మాటల్లో.

వినేవాళ్ళు చాలా ఏళ్ళు దొరకలేదు. ఇంట్లో ఉన్నది భార్య ఒక్కతే. ఆవిడా ఆ మిల్లులోనే తనిఖీ గదిలో పనిచేసింది. నేసిన బట్టను వెలుతురులో పరచి ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ పేక వదులైందో పట్టుకోవడం ఆవిడ పని. ఆ గది షెడ్డుకు దూరంగా, నిశ్శబ్దంగా ఉండేది. తప్పు దొరికినప్పుడల్లా ఆ బట్ట తాను చంకనేసుకుని షెడ్డులోకి వచ్చి ఈయన్ని నిలదీసేది. ఆ మోతలో మాట వినపడదు కనుక అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. చూపుడువేలు పైకెత్తితే మగ్గం నడుస్తోందని, వేలు దించితే ఆగిందని, బొటనవేలూ చూపుడువేలూ రాపాడిస్తే పోగు తెగిందని అర్థం. వాళ్ళ పెళ్ళి మాటలు కూడా సగం ఆ సైగల్లోనే జరిగాయని మిల్లులో చెప్పుకునేవారు.

"ఏం పాటలండీ ఇవి, ఎవరో పోయిన ఇంట్లో కూర్చున్నట్టు" అనేది ఆవిడ రికార్డు పెట్టినప్పుడల్లా.

"పోయినవాళ్ళేనే పాపం. మనమైనా పలకరించకపోతే ఎలా?" అనేవాడు ఆయన.

రిటైరయ్యాక ఫోటో స్టూడియో నడిపే బావమరిది పుణ్యమా అని చానల్ మొదలైంది. వైరు తగిలించడం, చివర్లు కత్తిరించడం, ఎక్కించడం అతనే నేర్పాడు. నేర్పినంతసేపూ ఎగతాళి చేశాడు.

"బావా, నీ పాటలు వినేది లోకంలో నువ్వూ, ఆ కంప్యూటరూనే."

"నువ్వూ వింటున్నావుగా."

"నేను వినట్లేదు. అక్కయ్య మొహం చూసి భరిస్తున్నాను."

అయినా వినేవాళ్ళు ఒక్కరొక్కరే వచ్చారు. ప్రతి పాటకూ ముందు నాడె మామ గొంతు సవరించుకుని, "నమస్కారమండి. ఇది కట్టినాయన పోలెండు ఆయన. బతికినన్నాళ్ళూ పిల్లలకు పియానో నేర్పుకుంటూనే గడిపాడు. కాస్త కూర్చుని వినండి" అని అచ్చ తెలుగులో చెప్పేవాడు. ఏ దేశం వాళ్ళకూ ఆ మాటలు అర్థం కావు. "ఈ పెద్దాయన ఏమంటున్నాడో తెలియదు, కానీ ఆయన కూర్చోమన్నట్టే ఉంటుంది, అందుకే కూర్చుంటాను" అని ఒకరు రాశారు. ఆ మాటను ఫోనులో తెలుగులోకి మార్చి చదివిన రోజు, ఆయన ఇంట్లో ఉన్న పతకాలన్నీ తీసి ఒకసారి తుడిచి మళ్ళీ పెట్టాడు.

పాటను ఎక్కించే ముందు ఆయన అన్నిటికన్నా శ్రద్ధగా చేసే పని చివర్లు కత్తిరించడం. మిల్లులో బట్ట తాను కొసన పోగులు వేళ్ళాడుతుంటే ఆయనకు అన్నం సయించేది కాదు. అదే అలవాటు ఇక్కడా వచ్చింది. పాట చెవికి ఎక్కడ ఆగిందో అక్కడే టక్కున కోసేవాడు. మిగతావాళ్ళ చానళ్ళలో పాట అయిపోయాక కూడా గరగరా వినిపిస్తూ ఉంటుందని, తన దాంట్లో అంచు కత్తితో కోసినట్టుంటుందని బావమరిదికి గొప్పగా చెప్పేవాడు.

ఒక ఉదయం ఒక పాట కింద కొత్త మాట కనిపించింది. రాసినావిడ పోలెండులో పిల్లలకు సంగీతం చెప్పి రిటైరైన టీచరట.

"అయ్యా, మీకు రుణపడి ఉన్నాను. ఒక్క మాట అడగనా? దీని చివర వయొలిన్ ఒంటరిగా పైకి వెళ్ళి చాలాసేపు నిలబడుతుంది. మీ దాంట్లో అది నాకు వినిపించలేదు. మీ రికార్డు అక్కడ పాడైందా?"

ఆయనకు చురుక్కుమంది. రికార్డు బంగారంలా ఉందనీ, పాట అక్కడికే అయిపోయిందనీ జవాబు పెట్టాడు. ఆవిడ మళ్ళీ మర్యాదగానే రాసింది: మరి కొన్ని పాటలకూ చివర అలాగే అనిపించిందనీ, దయచేసి ఏమనుకోవద్దనీ.

"చూడవే, టీచరమ్మ నాకే పాఠం చెబుతోంది" అని వంటింటి వైపు కేకేశాడు. "ఇలా రా. నువ్వే సాక్షి."

ఆవిడ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. ఆయన అసలు రికార్డు పెట్టి, స్పీకరు గట్టిగా పెంచాడు. పాట నడిచింది. పియానో తప్పుకుంది. వయొలిన్ సన్నబడి, ఇంకా సన్నబడి, ఆగింది. ఆయన విజయగర్వంతో వెనక్కి తిరిగాడు.

ఆవిడ చూపుడువేలు పైకెత్తి ఉంది.

పాట ఆపడానికి చెయ్యి చాపబోతే ఆవిడ తల అడ్డంగా ఊపింది. వేలు అలాగే ఉంది. ఆయనకు కిటికీ బయట సైకిలు గంట వినిపిస్తోంది, పక్కింట్లో బకెట్టు చప్పుడు వినిపిస్తోంది, రికార్డు మీద మాత్రం ఏమీ లేదు. ఆవిడ కళ్ళు ఎక్కడో పైన, దూలం దగ్గర దేన్నో చూస్తున్నట్టున్నాయి. కాసేపటికి వేలు మెల్లగా కిందికి దిగింది.

"పాట అయిపోవడమంటే అదీ" అంది ఆవిడ. "సన్నగా, జుట్టు పోగంత ఉందండీ. ఎంత బాగుందో."

ఆవిడ ఆ సంగీతాన్ని బాగుందనడం అదే మొదటిసారి. ఆ సంతోషం కూడా ఆయనకు దక్కలేదు. మగ్గాల మోత తన చెవుల్లో పై స్వరాలను ఎప్పుడు తినేసిందో ఆయనకు తెలియనే తెలియదు. ఇంజనీరు ఎవరికైనా వినిపించమని ఇచ్చినవాటి తోకలన్నీ కోసి తాను లోకానికి పంచిపెట్టాడు. పైగా అంచు శుభ్రంగా ఉందని మురిసిపోయాడు. లేచి వైరు పీకేసి, చుట్టచుట్టి, సొరుగులో పడేశాడు.

వారం తిరిగేసరికి బావమరిది వచ్చి బల్ల ఖాళీగా ఉండటం చూశాడు.

"ఏంటి బావా, దుకాణం కట్టేశావు? నీ అభిమానులు నా ఫోటో స్టూడియో మీద దాడికొస్తారేమో."

"వినపడనివాడు సంగీతం పంచడమేంట్రా. గుడ్డివాడు బట్టలకు రంగులు ఏరినట్టు."

బావమరిది అక్కయ్య వైపు చూశాడు.

ఆవిడ చేస్తున్న పని ఆపి వచ్చి, కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చుంది.

"మీరు బాగుచేసిన మగ్గాల మీద నేసిన తానుల్లో నేను రోజూ తప్పులు పట్టలేదూ? అప్పుడు మిల్లు మూసేశారా?"

"అది వేరు."

"ఏం వేరు? మగ్గం చూడటం ఫిట్టరు పని. బట్ట చూడటం తనిఖీ పని. తనిఖీ లేకుండా తాను గేటు దాటింది ఎప్పుడైనా ఉందా? మీరే తనిఖీ లేకుండా ఇన్నాళ్ళూ దాటించేశారు. అదీ తప్పు. సొరుగులోంచి ఆ వైరు తియ్యండి."

"నీకు ఇవి పోయిన ఇంటి పాటల్లా ఉంటాయిగా."

"ఉంటే ఉండనీ. పోయిన ఇంటికి వెళ్ళినప్పుడు చివరిదాకా కూర్చుని రావాలి. మధ్యలో లేచి రాకూడదు."

బావమరిది అప్పటికే వైరు తీశాడు.

అలా మొత్తం పెట్టె మళ్ళీ మొదటినుంచి మొదలైంది. ఆయన రికార్డు కడిగి, తుడిచి, సూది పెడతాడు. ఆవిడ వత్తులు చేసుకుంటున్నట్టు ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని, చివర దగ్గరపడగానే వేలెత్తుతుంది. వేలు దిగిన చోట ఆయన గుర్తు పెడతాడు. కొన్ని పాటలకు ఏమీ తేడా లేదు. కొన్నిటికి చిన్న ముక్క, కొన్నిటికి ఒక పెద్ద ఊపిరంత తిరిగొచ్చింది. ఆవిడకు అభిప్రాయాలు కూడా మొలిచాయి.

"ఈ రష్యా ఆయనకు ముగించడం చాతకాదండీ. వెళ్ళొస్తానని గుమ్మం దగ్గరికి వెళ్ళి, చెప్పులు వేసుకుని, మళ్ళీ కబుర్లు మొదలుపెట్టే చుట్టంలా ఉన్నాడు."

"మీ పెద్దమ్మలా."

"మా పెద్దమ్మను అనకండి. ఆవిడ కనీసం చెప్పులు వేసుకునేది కాదు."

సరిచేసిన పాట ఎక్కించాక టీచరమ్మకు ఆయన దాచకుండా ఉన్నదున్నట్టు రాశాడు: మగ్గాల షెడ్డులో పనిచేశానని, పై స్వరాలు తనకు వినపడవని, ఆవిడ అడగకపోతే జన్మలో తెలిసేది కాదని, ఇప్పుడు భార్య చెవులతో పని నడుస్తోందని. చివర ధన్యవాదాలు అని రాసి, అది చాలదనిపించి, మళ్ళీ ఇంకోసారి రాశాడు.

జవాబు మర్నాడు వచ్చింది. బావమరిదే గట్టిగా చదివి వినిపించాడు.

"అయ్యా, మీ రికార్డు గురించి అడిగాను గానీ, నేను భయపడింది నా చెవుల గురించి. చదువుకునే రోజుల్లో ఈ పాట నేను వాయించేదాన్ని. ఆ చివరి స్వరం మీ దాంట్లో వినిపించకపోయేసరికి, ఇక నాకు వినపడటం మానేసిందేమో అనుకున్నాను. ఇంట్లో ఎవరినీ అడగడానికి ధైర్యం చాలక మిమ్మల్ని అడిగాను. ఈరోజు విన్నాను. ఉంది. మీ భార్యకు నా తరఫున చెప్పండి, నా చెవులు ఇంకా నాతోనే ఉన్నాయని."

బావమరిది ఫోను కింద పెట్టి ముక్కు తుడుచుకున్నాడు. "దుమ్ము బావా. ఈ రికార్డుల దుమ్ము."

పెట్టెలో అన్నిటికన్నా అడుగున ఉన్నది ఇంజనీరు ఇష్టంగా పెట్టుకునే రికార్డు. చానల్‌లో ఎన్ని పెట్టినా దాన్ని మాత్రం నాడె మామ ఆఖరున పెట్టాలని అట్టే ఉంచుకున్నాడు. ఆ ఉదయం కిటికీ తలుపు మూసి, గొంతు సవరించుకున్నాడు.

"నమస్కారమండి. ఇది కట్టినాయన ఎవరో అట్ట మీద ఉంది, చదువుకోండి. నాకు ఇచ్చినాయన మాత్రం మగ్గాలు బిగించడానికి వచ్చిన పొడుగాటి మనిషి. ఆయన ఎక్కడున్నా, ఇచ్చిన పని చేశానని చెబుతున్నాను. ఇది మా ఇంటావిడ తనిఖీ చేసిన పాట. ఆఖరిదాకా కూర్చోండి."

సూది దిగింది. ఆయన చూపు రికార్డు మీద లేదు. పాట ఆయనకు వినపడినంత వరకు వచ్చి, ఆగింది. ఎదుట ఆవిడ వేలు నిలబడే ఉంది. కొంచెం వణుకుతూ, వయొలిన్ ఎటు పోతే అటు ఒరుగుతూ, ఇంకా పైకి వెళుతూ. ఆయన ఆ వేలికొసనే చూస్తూ కూర్చున్నాడు. షెడ్డు మోతలో ఒకప్పుడు ఆవిడ మాటలన్నీ అలా చూసే విన్నాడు.

వేలు ఒళ్ళోకి దిగింది. ఆయన గుర్తు పెట్టాడు గానీ అక్కడ కొయ్యలేదు. కాస్త అవతల, కొసన కొంచెం పోగు వేళ్ళాడేటట్టు వదిలేసి కోశాడు.