జాన్ సాహెబ్ ఫిర్యాదులు

జాన్ సాహెబ్ కుడిచెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా సాగదు. టీ గ్లాసు అందుకోవాలంటే మనిషి మొత్తం ముందుకు వంగాలి. పై వరుసలో రెండు పళ్ళు లేవు. సికింద్రాబాదు కార్ఖానా పేటలో మా వీధి చివర ఉండే ఈ రిటైరైన తెలుగు పంతులు దగ్గర పుస్తకాలు తెచ్చుకునే పిల్లలు ఏదో ఒకనాడు ఆ చేతి సంగతి అడుగుతారు. "కాలేజీల చదువుకున్న గద బిడ్డా. గా చదువు గుర్తులు," అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను. ఆ తరువాత ఒక వానాకాలంలో, నేను పుస్తకాల కోసం వెళ్ళినప్పుడల్లా కొంత కొంతగా, ఆయన అసలు సంగతి చెప్పాడు.

వాళ్ళది దూదేకుల ఇల్లు. తండ్రి ఇస్మాయిల్ తిరుమలగిరి పటాలాల బ్యారకులకు పరుపులు కుట్టేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ మాట్లాడే పెద్దింటి సాయెబులు వాళ్ళను సగం ముసల్మానుల కింద లెక్కవేసేవారు. హిందువులు మాత్రం పూర్తి తురకలుగా లెక్కవేసి గడప దగ్గరే నిలబెట్టేవారు. జాన్ సాహెబ్ మెట్రిక్ పాసై, సికింద్రాబాదులో ఒక ప్రైవేటు కాలేజీలో చేరి, హాస్టల్లో సీటు సంపాదించాడు. ఇంట్లో ఉన్నది ఒకటే గది. అందులో ఎప్పుడూ దూది తేలుతూ ఉండేది. పుస్తకం తెరిస్తే దగ్గు. హాస్టల్ సీటు పోతే చదువు పోయినట్టేనని అతనికి మొదటి రోజు నుంచీ తెలుసు.

హాస్టల్లో రెండు మెస్సులు ఉండేవి, హిందువులకొకటి, ముస్లిములకొకటి. నీళ్ళ కుండలూ వేరే. ముస్లిం మెస్సులో కూర్చుంటే "పింజారోడొచ్చిండు, జరుగుండ్రి, దూది అంటుతది" అని నవ్వేవారు. రెండో మెస్సు లోపలికి రానిచ్చేవారే కాదు. అతను పళ్ళెం గదికి తెచ్చుకుని తినేవాడు.

నలభై ఎనిమిది ఎండాకాలం నాటికి హాస్టల్ మైదానంలో సాయంత్రంపూట రజాకార్ల కవాతు షురూ అయింది. దానికి నాయకుడు అల్లాఉద్దీన్ అనే తోటి విద్యార్థి. నగరంలో పెద్ద ఉద్యోగి కొడుకు, ఖాకీ చొక్కా, నున్నగా దువ్విన తల. ముస్లిం విద్యార్థులందరూ కవాతుకు రావాలన్నాడు. జాన్ సాహెబ్ వెళ్ళలేదు. నాలుగు రోజులు చూసి, అల్లాఉద్దీన్ మరో ఇద్దరితో కలిసి హాకీ కర్రలతో అతని గదికి వచ్చాడు.

"క్యోం రే పింజారే, డ్రిల్లుకు ఎందుకు వస్తలేవు?"

"పరీక్ష ఉన్నది భాయ్."

"ఏం పరీక్ష?"

"తెలుగు."

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "ముసల్మాన్‌కు తెలుగు పరీక్షనట! జెర చదువు, వింటం," అన్నాడు అల్లాఉద్దీన్. జాన్ సాహెబ్ నిజంగానే పుస్తకం తీశాడు. మొదటి దెబ్బ ఆ పుస్తకం మీద పడింది, రెండోది వీపు మీద. వసారాలోకి జుట్టు పట్టి ఈడ్చారు. అతను తలకు అడ్డంగా కుడిచెయ్యి పెట్టాడు. కర్ర ఆ చేతి మీదికి దిగినప్పుడు ఏదో పగిలిన చప్పుడైంది. ఆ చప్పుడు తన చేతిలోంచే వచ్చిందని తెలియడానికి అతనికి కొంతసేపు పట్టింది. తరువాత కడుపులో తన్నారు. కక్కుకుంటే, కక్కిన దాని మీదే ముఖం పెట్టి తొక్కారు. వసారా పొడవునా తలుపులు ఒక్కటొక్కటిగా మూసుకున్నాయి. పై అంతస్తు పిట్టగోడ దగ్గర వార్డెను తుకారాం సారు నిలబడి ఉండటం జాన్ సాహెబ్ చూశాడు. మళ్ళీ చూస్తే సారు అక్కడ లేడు.

మర్నాడు వేలాడే చేతితో ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాడు. ఆయన మద్రాసులో చదువుకున్న పెద్దమనిషి. అంతా విని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"రోజులు బాగాలేవబ్బాయ్. కొన్నాళ్ళు ఇంటికి వెళ్ళి ఉండు. అంతా సర్దుకున్నాక వద్దువుగాని."

"కొట్టినోన్ని పంపరా సార్, ఇంటికి?"

"వాళ్ళ నాన్నగారెవరో తెలుసునా నీకు?"

జాన్ సాహెబ్ ఇంటికి పోలేదు. పోతే మళ్ళీ రానివ్వరని అనుమానం. చిలకలగూడలో ఎముకలు కట్టే ఒకాయన దగ్గర కట్టు కట్టించుకున్నాడు. ఆ చెయ్యి వంకరగానే అతుక్కుంది. తండ్రితో మాత్రం మెట్ల మీద పడ్డానన్నాడు.

సెప్టెంబరులో ఇండియా సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. ఖాకీ చొక్కాలను పాయఖానాల్లో పడేసి రజాకార్లు మాయమయ్యారు. కాలేజీ తెరిచేసరికి హాస్టల్లో ముస్లిం పిల్లలు చాలామంది లేరు. ఇప్పుడు పెత్తనం పర్వతాలుది. భువనగిరి వైపు పల్లె పిల్లవాడు. ఆ వేసవిలో రజాకార్లు వాళ్ళ ఇల్లు కాల్చారు, చిన్నాయన అందులోనే కాలిపోయాడు. అతను కాలేజీకి తిరిగి వచ్చిన నాడు పెట్టెతోపాటు ఒక ఇనుపకడ్డీ కూడా తెచ్చుకున్నాడు. అతనూ అతని స్నేహితులూ ముస్లిం మెస్సులో వండే ముసలాయన గడ్డం పట్టి గుంజి, ముక్కు పగిలేదాకా గోడకేసి కొట్టారు. వంటపాత్రలన్నీ బావిలో పడేశారు. ఆ సాయంత్రం పర్వతాలు జాన్ సాహెబ్ గదికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"నిన్నేమనం. నువ్వు దూదేకులోనివి, మనోనివే. తురకోన్ని కాదని నలుగురిల ఒక్క మాట అను, చాలు."

"నా పేరు జాన్ సాహెబే కద అన్నా. గా పేరు యాడ దాస్త?"

పర్వతాలు నవ్వాడు. కానీ ఆ తరువాత జాన్ సాహెబ్‌తో ఎవరూ మాట్లాడలేదు.

దసరా దాటాక ఏటా హాస్టల్ పరుపులన్నీ విప్పి దూది ఏకించడం ఆనవాయితీ. ఆ పని ఏటా ఇస్మాయిల్‌దే. ఆ ఏడు కూడా దూది ఏకే విల్లు భుజాన వేసుకుని వచ్చాడు. పెరటి గదిలో పరుపుల పొట్టలు కోసి, మాసి గడ్డకట్టిన దూదిని కుప్పపోశాడు. విల్లు నారిని కొయ్యగుండుతో కొడుతుంటే దూది తెల్లగా విచ్చుకుని ఎగిరిపడేది. జాన్ సాహెబ్ ఎడమచేత్తో దూది అందిస్తున్నాడు. తోటి విద్యార్థులు కిటికీలోంచి తొంగిచూసి పోతున్నారు. అతను సిగ్గుతో తలెత్తలేదు.

మధ్యాహ్నం బయట కేకలు వినిపించాయి. తలుపు తోసుకుని ఒకడు లోపల పడ్డాడు. అల్లాఉద్దీన్. తండ్రిని అరెస్టు చేశారు, ఊరు విడిచిపోవాలి, సర్టిఫికెట్ కోసం దొంగచాటుగా కాలేజీకి వచ్చాడు, పర్వతాలు వాళ్ళు చూశారు. రాయి తగిలి నుదురు చీలి, ఒక కన్ను రక్తంతో మూసుకుపోయింది. అతను జాన్ సాహెబ్‌ను చూశాడు. చూసి, ఇక్కడికెందుకు వచ్చానా అన్నట్టు గోడకు అంటుకుపోయాడు.

ఇస్మాయిల్ ఏమీ అడగలేదు. చెయ్యి పట్టి మూలకు లాగి, ముఖం గోడవైపు పెట్టి పడుకోబెట్టి, రెండు చేతులతో దూది ఎత్తి పోశాడు. "నువ్వు సుత పొయ్యిరా, చూస్తవేంది?" అని కొడుకును కసిరాడు. జాన్ సాహెబ్ చేతులు ఆడలేదు. తరువాత ఒక దోసెడు పోశాడు. మరో దోసెడు. ఇస్మాయిల్ విల్లు అందుకున్నాడు.

పదిమంది లోపలికి వచ్చారు. ముందు పర్వతాలు, చేతిలో కడ్డీ.

"ఇటొచ్చిండా వాడు?"

"ఎవలు బిడ్డా?" అన్నాడు ఇస్మాయిల్, గుండు ఆపకుండా.

"నాటకాలాడకు తాతా. నీ కొడుకు చెయ్యి ఇరగ్గొట్టినోడే. అల్లాఉద్దీన్."

గుండు ఆగింది. ఇస్మాయిల్ కొడుకు వైపు చూశాడు.

"మెట్ల మీద పడ్డనంటివి?"

 గదిలో ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దంలో, దూది కిందినుంచి పళ్ళ మధ్య నొక్కిపెట్టిన మూలుగు ఒకటి కుప్ప పక్కనే ఉన్న జాన్ సాహెబ్‌కు స్పష్టంగా వినిపించింది. తండ్రికీ వినిపించిందని ఆ ముఖం చూస్తే తెలిసింది. ఇస్మాయిల్ చూపు కొడుకు వంకర చేతి మీద చాలాసేపు నిలిచింది. తరువాత ముసలాయన గుండు ఎత్తి, నారి తెగిపోతుందేమో అన్నంత గట్టిగా కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. గది నిండా ఆ మోతే.

పర్వతాలు దూది వైపు చూస్తున్నాడు. తెల్లటి కుప్ప మీద ఒకచోట తమలపాకంత ఎరుపు తేలింది.

అతను జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. పుల్ల గీశాడు.

"మా చిన్నాయన సుత గిట్లనే కాలిండు," అన్నాడు. 

ఇస్మాయిల్ చేతిలోని విల్లు కింద పెట్టాడు. "కాలిస్తే కాల్చు బిడ్డా. కని ఇవన్ని మీ పరుపులే. నీది సుత ఇండ్లనే ఉన్నది. చలికాలమొస్తున్నది."

వెనకనున్న వాడొకడు, "అరే, నా పరుపు సుత ఇండ్లనే ఉన్నదిరా పర్వతాలూ!" అన్నాడు. ఇంకొకడు, "నాది మొన్ననే కొత్తగ కుట్టించిండ్రుర," అన్నాడు. ఎవరో నవ్వారు. ఒక మనిషిని కాల్చడానికి వచ్చినవాళ్ళు పరుపుల దగ్గర ఆగారు. ఈ మాట చెప్పేటప్పుడు జాన్ సాహెబ్ ఇప్పటికీ నవ్వడు.

పుల్ల వేళ్ళదాకా కాలి ఆరిపోయింది. పర్వతాలు అగ్గిపెట్టె పడేసి కడ్డీ ఎత్తి కుప్ప మీద కొట్టాడు. దూదిలో మెత్తగా దిగింది. రెండోసారి కొట్టాడు. మూడోసారి మెత్తగా దిగలేదు. కుప్ప కిందినుంచి వచ్చిన అరుపు మనిషిదిలా లేదు. దూది చెదిరి, మోకాలి కింద అడ్డంగా తిరిగిన కాలు బయటపడింది. పదిమందీ అల్లాఉద్దీన్ మీద పడ్డారు. జాన్ సాహెబ్ మధ్యలోకి వెళ్ళాడు. వాడి మీద ప్రేమతో కాదు. "నాకు వాడు సచ్చిపోతే ఎట్లనమ్మా? వాన్ని కాలేజీ ముంగట నిలబెట్టాలె, నా చెయ్యి గురించి అడగాలె. సచ్చినోన్ని ఎవడడుగుతడు?" అన్నాడు నాతో. వాళ్ళు అతన్నీ కొట్టారు. ఇస్మాయిల్ విల్లు అడ్డం పెడితే అది రెండు ముక్కలైంది. నారి ఎగిరి ముసలాయన చెంప కోసింది. గాలినిండా దూది. ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియలేదు.

తుకారాం సారు వచ్చి పర్వతాలును వెనకనుంచి రెండు చేతులతో పట్టుకుని గోడకు అదిమేదాకా అది ఆగలేదు. సారుకు ఒక దెబ్బ తగిలి పెదవి చీలింది. వార్డెనును కొట్టామని తెలిశాక పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు.

అల్లాఉద్దీన్‌ను ఆసుపత్రికి మోసుకుపోయారు. వారం తరువాత విచారణ. బల్ల వెనక ప్రిన్సిపాల్, ట్రస్టీ ఒకాయన, తుకారాం సారు. ముందర జాన్ సాహెబ్ ఒక్కడే.

"ఎండాకాలంలో నీ మీద దౌర్జన్యం చేసినవాడు అల్లాఉద్దీనేనా? అది చెప్పు. ఇవాళే వాడి పేరు రిజిస్టరులోంచి కొట్టేస్తాం," అన్నాడు ప్రిన్సిపాల్ ఉత్సాహంగా.

"వాడే సార్. మొన్న వాని కాలిరగ్గొట్టింది పర్వతాలు. గది సుత చెప్త."

"అది వేరే సంగతి. కుర్రాడు కడుపుమంటతో ఉన్నాడు. ప్రజల మనోభావాలనేవి ఉంటాయి కదా."

"రెండు చెప్త సార్. ఒకటే వింటమంటే ఏది చెప్ప."

ట్రస్టీ గొంతు సవరించుకున్నాడు. ప్రిన్సిపాల్ అద్దాలు తీశాడు. "నీ మంచికే చెబుతున్నానబ్బాయ్. ఇలాగైతే హాస్టల్లో నీకు రక్షణ ఉండదు. సీటు ఖాళీ చేసి ఇంటి దగ్గర చదువుకో."

ఎండాకాలంలో అన్న అదే మాట.  అల్లాఉద్దీన్ పేరు ఒక్కటే చెబుతానంటే సీటు మిగులుతుంది. జాన్ సాహెబ్ బల్ల ముందునుంచి కదల్లేదు. తుకారాం సారు పెదవి మీది కుట్లు వేలితో తడుముకుంటూ మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఎండాకాలంల నేను పైన నిలబడి చూసిన. భయపడి లోపలికి పోయిన. మొన్న చూసిన. రెండిటికీ నేనే సాక్షి. కొట్టినోని పేరు మనం అడగకపోతే సార్, దెబ్బలు తిన్నోడు ఇల్లు పట్టుకొని పోతడు, కొట్టినోడు ఉంటడు. అప్పుడు రజాకార్ల కాలేజీ, ఇప్పుడు వీళ్ళ కాలేజీ. మనదెప్పుడు?"

వాదన సాయంత్రందాకా సాగింది. చివరికి ట్రస్టీ, "వార్డెనే సాక్ష్యమంటే ఇక కాదనేదెట్ల?" అని లేచాడు. అల్లాఉద్దీన్ పేరు కొట్టేశారు. పర్వతాలును ఒక ఏడాదికి తీసేశారు. బావిలోని పాత్రలు తీయించారు కానీ ముస్లిం మెస్సు మళ్ళీ తెరవలేదు. ఒకటే వంట, ఒకటే కుండ అని తుకారాం సారు పట్టుబట్టాడు. సగంమంది పిల్లలు హాస్టల్ వదిలి పోయారు. ఉన్నవాళ్ళలో జాన్ సాహెబ్ పక్కన కూర్చునేందుకు చాలాకాలం ఎవరూ రాలేదు.

ఇస్మాయిల్ కొత్త విల్లు చేయించుకున్నాడు. కొడుకుతో ఒక్కటే అన్నాడు: "ఇంకోసారి దెబ్బ తింటే నాకు చెప్పు. అబద్ధం చెప్పకు."

ఆ ఇంకోసారి నెల తిరగకుండానే వచ్చింది. చిలకలగూడ మలుపులో పర్వతాలు, అతని స్నేహితులిద్దరు పట్టపగలే అడ్డగించారు. "మనోనివనుకుంటి గదర నిన్ను," అంటూ పర్వతాలు ఏడుస్తూ కొట్టాడు. పిడికిలికి రెండు పళ్ళు రాలాయి. కింద పడ్డాక బూటుతో పక్కటెముకల్లో తన్నారు. బజారు జనం చూస్తూ నిలబడ్డారు. జాన్ సాహెబ్ లేచి, నెత్తురు ఓడుతున్న నోటితో తిన్నగా ప్రిన్సిపాల్ గదికి నడిచి, ముగ్గురి పేర్లూ చెప్పాడు. అక్కడినుంచి తిరుమలగిరి పోయి తండ్రికీ చెప్పాడు.

మర్నాడు తెలుగు క్లాసులో పద్యం చదవడం అతని వంతు. మేస్టారు ఆ వాచిన ముఖం చూసి పుస్తకం ఇంకొకరికి ఇవ్వబోయాడు. జాన్ సాహెబ్ లేచి నిలబడి పుస్తకం కోసం ఎడమచెయ్యి చాచాడు. మొదలుపెడితే పళ్ళసందులోంచి గాలి పోయి మాటలు ఈల వేసినట్టు వచ్చాయి. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. చివర్లో పెదవి మీది గాయం పగిలి గడ్డం మీదికి ఎర్రటి చార దిగింది. పద్యం అయ్యేదాకా అతను కూర్చోలేదు.